వీధికీ హక్కుంది, మనకూ హక్కుంది

ఆ రోజు మా అత్తగారికి రక్తపరీక్షలు, స్కానింగు చేయించవలసి ఉంది. అమీర్‌పేట నుండి పంజాగుట్టకు పోయే దారికి ఆనుకుని ఉన్న ఒక సందులో పరీక్షా కేంద్రం. చేతికర్ర లేనిదే ఆమె నాలుగడుగులు వేయలేరు. కింది అంతస్తులో వాహనాలు నిండిపోయాయని కాపలాదారు దూరం నుండే చెయ్యి ఊపాడు. ఆమెను మెట్ల దగ్గర దింపి, సందులో అప్పటికే నిలిపి ఉన్న రెండు కార్ల వెనుక నా కారు నిలిపాను. పధ్నాలుగేళ్ళ మా అబ్బాయి వెంట ఉన్నాడు. ముప్పావుగంట తరువాత తిరిగి వచ్చేసరికి ముందు చక్రానికి పసుపుపచ్చని ఇనుప క్లాంపు, దానికొక తాళం కనిపించాయి. ముందున్న రెండు కార్లు అక్కడ లేవు.

పక్కనే ఇద్దరు యువకులు మోటారు సైకిలు మీద కూర్చుని ఉన్నారు. ఒంటిమీద యూనిఫాం లేదు. "చాచా, ఇది నో పార్కింగ్. చలానా రాయిస్తే ఎక్కువవుతుంది. చేతికిస్తే ఇప్పుడే తీసేస్తాం" అన్నాడు ఒకడు. రసీదు ఇస్తావా అంటే నవ్వాడు. అధికారి ఎక్కడ అంటే "వస్తారు" అన్నాడు. మెట్ల మీద మా అత్తగారు కర్ర ఆనించుకుని నిలబడి ఉన్నారు. ఎండ మండిపోతోంది. నా గొంతు పెరిగింది. అక్కడితో ఆగలేదు. అతని చేతిలోని తాళపుచెవుల గుత్తిని లాక్కోబోయాను. అతను వెనక్కి తూలాడు. జనం మూగారు. కాసేపటికి యూనిఫాంలో ఉన్న అధికారి వచ్చి, ఫోటో తీసుకుని, క్లాంపు తీయించి పంపించారు. అప్పటికి అంతా ముగిసిందనుకున్నాను.

వారం గడిచాక ఫోనుకు నోటీసు వచ్చింది. అందులో రెండు అభియోగాలున్నాయి. ఒకటి, నిషిద్ధ స్థలంలో వాహనం నిలపడం. రెండు, అధికారి ఆదేశాన్ని ధిక్కరించి విధులకు అడ్డు తగలడం. మొదటిదానికన్నా రెండవదే నన్ను ఎక్కువ బాధించింది. ఏ అధికారీ నాకు ఏ ఆదేశమూ ఇవ్వలేదు. ఇవ్వని ఆదేశాన్ని ధిక్కరించడమెలా?

ఒక వాక్యం కొట్టివేత

ఆ రాత్రే ఫిర్యాదు రాయడానికి కూర్చున్నాను. ఆవేశంలో కలం చురుకుగా సాగింది. ఆ సందులో ఎక్కడా నిషేధపు బోర్డు లేదని మొదటి వాక్యంలోనే రాశాను. రాసినదాన్ని ఇంట్లో చదివి వినిపించాను. మా అబ్బాయి కొంచెంసేపు తటపటాయించి, "అబ్బా, బోర్డు ఉంది కదా! చెట్టుకొమ్మ వెనకాల. నేను చూశాను" అన్నాడు. నా శ్రీమతి నావైపు చూసి ఒక్కటే అడిగింది: "మీకు కనబడలేదా, కనబడకపోతే బాగుండుననుకున్నారా?"

జవాబు చెప్పలేకపోయాను. నిజానికి ఆ బోర్డు అంచు నా కంటికి తగిలింది. రెండు కార్లు నిలిచి ఉన్నాయి కదా అనే ధీమాతో దాన్ని చూడనట్టే ముందుకు సాగాను.

దివ్య ఖుర్ఆన్ 4వ సూరా 135వ ఆయత్ విశ్వాసులను న్యాయధ్వజవాహకులుగా నిలబడమంటుంది. సాక్ష్యం మనకు, మన తల్లిదండ్రులకు, బంధువులకు వ్యతిరేకమైనా సరే, అల్లాహ్ కోసం పలకమంటుంది. ఈ ఆయత్‌ను ఎన్నోసార్లు చదివాను, ఇతరులకు వివరించాను. అది కొన్ని వందల రూపాయల చలానా రూపంలో నా ఇంటి బల్ల మీదికి వస్తుందని మాత్రం ఊహించలేదు. మనం న్యాయస్థానంలో మహానేరాలకు సాక్ష్యం చెప్పే సందర్భాలు అరుదు. ఇలాంటి చిన్న కాగితాల మీదే మన సాక్ష్యం నిత్యం పరీక్షకు నిలుస్తుంది. ఆ పరీక్షను మన పిల్లలు గమనిస్తుంటారు. ఆ వాక్యాన్ని కొట్టివేశాను.

వీధి హక్కు

దారుల్లో కూర్చోవడాన్ని దైవప్రవక్త (స) వారించారు. తప్పనిసరైతే దారి హక్కును చెల్లించమని బోధించారు. చూపులు దించుకోవడం, ఇతరులకు బాధ కలిగించకుండా ఉండడం, సలాముకు జవాబివ్వడం, మంచిని ఆదేశించి చెడును వారించడం ఆ హక్కులో భాగాలని బుఖారీ, ముస్లిం హదీసు గ్రంథాలు తెలుపుతున్నాయి. దారిలో బాధ కలిగించే వస్తువును తొలగించడం విశ్వాసపు శాఖల్లో ఒకటని మరో హదీసు. రాయిని, ముల్లును తొలగించడమే విశ్వాసమైతే, టన్ను బరువున్న ఇనుమును దారికి అడ్డంగా వదిలి వెళ్ళడాన్ని ఏమనాలి?

పంజాగుట్టలో నిమ్స్ ఆసుపత్రి ఉంది. అటు వెళ్ళే ప్రతి అంబులెన్సూ మన అడ్డదిడ్డపు పార్కింగును దాటుకునే పోవాలి. అమీర్‌పేటలో మెట్రో మార్గాలు రెండు కలుస్తాయి. మైత్రీవనం చుట్టుపక్కల శిక్షణా సంస్థలు, హాస్టళ్ళ ముందు ద్విచక్ర వాహనాలు కాలిబాటను మింగేస్తాయి. ఇక ఖైరతాబాద్ పేరు కుతుబ్‌షాహీ రాజకుమార్తె ఖైరున్నీసా బేగం పేరు మీదుగా వచ్చిందంటారు. ఆ కాలపు మస్జిద్ నేటికీ అక్కడ నిలిచి ఉంది. ఆ మస్జిద్ కట్టిన రోజుల్లో ఈ బాటల మీద ఇన్ని చక్రాలు లేవు. నేడు నగరంలోని ఏ మస్జిద్ దగ్గరైనా జుమా రోజు పరిస్థితి మనకు తెలిసిందే. ఖుత్బాకు ఆలస్యమవుతోందని పొరుగువారి గేటుకు అడ్డంగా స్కూటరు నిలిపి లోపలికి పరుగెత్తుతాం. లోపల మనం సజ్దాలో ఉండగా బయట ఒక వృద్ధుడు తన ఇంట్లోంచి బయటికి రాలేక ఎదురుచూస్తుంటాడు. మన నమాజు ఆయనకు ఎలాంటి సందేశం ఇస్తుందో ఆలోచించాలి. మస్జిద్ కమిటీలు జుమా రోజున ఇద్దరు యువకులను వాహనాలు సర్దడానికి నియమిస్తే అదీ సేవే.

ట్రాఫిక్ నిబంధన మనుషులు చేసినదే కదా, దానికి ధార్మిక బాధ్యత ఏమిటని కొందరంటారు. లైసెన్సు తీసుకునేటప్పుడు ఆ నిబంధనలకు మనం అంగీకారం తెలిపాం. 5వ సూరా మొదటి ఆయతే ఒప్పందాలను నెరవేర్చమంటుంది. పైగా ప్రజల ప్రాణరక్షణకు ఉద్దేశించిన నిబంధన ఏ ధర్మానికీ విరుద్ధం కాదు.

చట్టం ఏమంటోంది?

చక్రానికి తాళం వేయడం మన దేశంలో చట్టసమ్మతమే. అయితే దానికి హద్దులున్నాయి. మోటారు వాహనాల చట్టం, 1988లోని 127వ సెక్షన్ ప్రకారం బహిరంగ స్థలంలో పది గంటలు, అంతకు మించి వదిలేసిన వాహనాన్ని, లేదా చట్టప్రకారం పార్కింగ్ నిషేధించిన చోట నిలిపిన వాహనాన్ని తరలించవచ్చు, లేదా క్లాంపు వేసి కదలకుండా చేయవచ్చు. కానీ అందుకు అనుమతి ఇవ్వవలసినది ఆ ప్రాంతంపై అధికారం కలిగిన, యూనిఫాంలో ఉన్న పోలీసు అధికారి. కాంట్రాక్టు యువకులు ఆ అనుమతిని అమలు చేసేవారే తప్ప అనుమతి ఇచ్చేవారు కారు. తరలింపు ఖర్చు జరిమానాకు అదనంగా యజమానే భరించాలని కూడా అదే సెక్షన్ చెబుతోంది.

నాపై మోపిన రెండవ అభియోగం 179వ సెక్షన్ కిందికి వస్తుంది. 2019 సవరణ తరువాత దానికి రూ.2,000 వరకు జరిమానా ఉంది. అయితే ధిక్కరణ అనాలంటే ముందు అధికారం ఉన్న వ్యక్తి చట్టబద్ధంగా ఇచ్చిన ఆదేశం ఉండాలి. నా వాదన అంతా ఇదే.

ఇక్కడే ఒక హెచ్చరిక కూడా అవసరం. యూనిఫాంలోని అధికారిపై చెయ్యి పడితే విషయం చలానాతో ముగియదు. 2024 జూలై 1 నుండి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహిత 132వ సెక్షన్, ప్రభుత్వోద్యోగి విధులను అడ్డుకోవడానికి బలప్రయోగం చేస్తే రెండేళ్ళ వరకు జైలుశిక్ష విధించవచ్చంటోంది. ఒక్క క్షణపు ఆవేశం యువకుల ఉద్యోగావకాశాలను, పాస్‌పోర్టును చిక్కుల్లో పడేస్తుంది. కుస్తీలో పడగొట్టేవాడు కాదు, కోపంలో తనను తాను అదుపు చేసుకునేవాడే బలశాలి అన్న ప్రవక్త (స) బోధన రోడ్డు మీద పనికొచ్చినంతగా మరెక్కడా పనికిరాదేమో!

క్లాంపు గురించి ప్రపంచం అంతా ఒకే మాట మీద లేదు. ఈ పరికరాన్ని మొదట తయారుచేసినది అమెరికాలోని డెన్వర్ నగరవాసి ఫ్రాంక్ మారగ్; అక్కడి పోలీసులు 1955లో దాన్ని వాడుకలోకి తెచ్చారు. ఇంగ్లండ్, వేల్స్‌లలో ప్రైవేటు స్థలాల్లో క్లాంపులు వేసి డబ్బు గుంజే ధోరణి మితిమీరడంతో 2012 అక్టోబర్ 1 నుండి దాన్ని నిషేధించారు. తాళం వేసే అధికారం ఎవరి చేతిలో ఉంది, దానికి లెక్క ఎవరు చెప్పాలి అన్నదే అంతటా అసలు ప్రశ్న.

చేతికిచ్చే డబ్బు

రసీదు లేని డబ్బు తక్కువ మొత్తమే కావచ్చు. తొందరలో ఉన్నవాడికి అది సులభమార్గంగా తోస్తుంది. 2వ సూరా 188వ ఆయత్ ఒకరి సొమ్మును మరొకరు అన్యాయంగా తినవద్దని, దానిని అధికారుల ముందుకు చేర్చవద్దని హెచ్చరిస్తోంది. లంచం పుచ్చుకునేవాడినే కాదు, ఇచ్చేవాడిని కూడా ప్రవక్త (స) శపించారని అబూదావూద్, తిర్మిజీ గ్రంథాల్లో ఉంది. మన చట్టమూ 2018 సవరణతో ఇదే దారికి వచ్చింది. అవినీతి నిరోధక చట్టం ప్రకారం ఇప్పుడు లంచం ఇవ్వడమూ నేరమే. బలవంతంగా ఇవ్వవలసి వస్తే ఏడు రోజుల్లోగా అధికారులకు తెలియజేసినవారికి మాత్రం రక్షణ ఉంది. తెలంగాణలో అవినీతి నిరోధక శాఖ నంబరు 1064. ఇంట్లో గోడ మీద రాసిపెట్టుకోదగిన నంబరది.

సవాలు చేసే పద్ధతి

అన్యాయమనిపించిన నోటీసును మౌనంగా భరించడం సహనం కాదు. చెడుమాటను బాహాటంగా పలకడం అల్లాహ్‌కు ఇష్టం లేదంటూనే, అన్యాయానికి గురైనవాడిని 4వ సూరా 148వ ఆయత్ మినహాయించింది. ఆ మినహాయింపును మర్యాదగా, క్రమంగా వినియోగించుకోవాలి.

మొదటిది, నోటీసు అందిన వెంటనే చలానా వెబ్‌సైటులో వాహనం నంబరుతో వివరాలు, ఫోటో చూడండి. తేదీ, సమయం, స్థలం, సెక్షన్ రాసుకోండి. కెమెరాల వంటి ఎలక్ట్రానిక్ పరికరాలు నమోదు చేసిన ఉల్లంఘనలకు 15 రోజుల్లోగా నోటీసు పంపాలని కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 2021లో చేర్చిన 167ఏ నిబంధన చెబుతోంది.

రెండవది, స్థలానికి మళ్ళీ వెళ్ళి బోర్డును, దారిని ఫోటో తీయండి. ఆసుపత్రి చీటీ, రసీదు వంటి కాగితాలు భద్రపరచండి.

మూడవది, ట్రాఫిక్ పోలీసు ఉన్నతాధికారికి రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి, అందినట్టు ముద్ర వేయించుకోండి. ఒప్పుకునేదేమిటో, ఒప్పుకోనిదేమిటో వేరువేరుగా రాయండి.

నాలుగవది, ఆ సందులో పార్కింగ్ నిషేధానికి ఆధారమైన ఉత్తర్వు ఏది, ఆ రోజు క్లాంపునకు అనుమతించిన అధికారి ఎవరు అనే వివరాలను సమాచార హక్కు చట్టం, 2005 కింద పది రూపాయల రుసుముతో అడగవచ్చు. 30 రోజుల్లో జవాబివ్వాలి.

ఐదవది, చలానా చెల్లించడమంటే 200వ సెక్షన్ కింద రాజీపడడం. చెల్లించాక వాదనకు చోటుండదు. ఒప్పుకోనివారు విషయాన్ని మేజిస్ట్రేటు ముందుకు పంపమని కోరవచ్చు. లోక్ అదాలత్ మరో దారి. అయితే అది రాజీ వేదిక. అక్కడి తీర్పుపై అప్పీలు లేదు. తప్పు ఒప్పుకుని మొత్తం తగ్గించుకోదలచినవారికి అది అనువైనది, తప్పే లేదనేవారికి కాదు. ఆదాయంతో నిమిత్తం లేకుండా స్త్రీలందరికీ న్యాయసేవల చట్టం, 1987 ఉచిత న్యాయసహాయం కల్పిస్తోంది. స్కూటరు నడిపే మన సోదరీమణులు, కుమార్తెలు 15100 నంబరును గుర్తుంచుకోవాలి.

మరొక మాట. 2022 మార్చిలో, మళ్ళీ 2023 డిసెంబరులో రాష్ట్ర ప్రభుత్వం పెండింగు చలానాలపై రాయితీ ప్రకటించింది. ద్విచక్ర వాహనాలకు మొదటిసారి 75 శాతం, రెండవసారి 80 శాతం తగ్గించారు. అప్పటి నుండి మరో రాయితీ వస్తుందిలే అని చలానాలు పోగు చేసుకునే అలవాటు పెరిగింది. న్యాయమైన బాకీని తీర్చగలిగి ఉండీ వాయిదా వేయడం విశ్వాసికి తగదు. అన్యాయమైనదైతే సవాలు చేయాలి. రెండూ చేయకుండా ఊరుకోవడానికి రాయితీ సాకు కాకూడదు.

ఆ యువకుని హక్కు

నాకు తెలిసిన ఒక న్యాయవాది నా ఫిర్యాదు చదివి, తాళపుచెవుల సంగతి అందులో రాయనవసరం లేదన్నారు. తనకు వ్యతిరేకంగా తానే సాక్ష్యం చెప్పమని నిందితుణ్ణి బలవంతపెట్టరాదని రాజ్యాంగం 20వ అధికరణ చెబుతోందని గుర్తుచేశారు. ఆయన మాట నిజమే. మౌనం అబద్ధం కాదు. కానీ ఆ యువకునికి నేను చేసిన అవమానం ఏ చలానాలోనూ లేదు. నమాజులు, ఉపవాసాలు, జకాత్ వెంటబెట్టుకుని ప్రళయదినాన వచ్చినా, ఒకరిని తిట్టి, మరొకరిని కొట్టి ఉన్నందున పుణ్యాలన్నీ వారికి పంచిపెట్టి దివాళా తీసే మనిషి గురించి ప్రవక్త (స) చెప్పిన హదీసు నన్ను నిద్రపోనివ్వలేదు.

ఒక సాయంత్రం అబ్బాయిని తీసుకుని ఆ సందుకు వెళ్ళాను. అతను అక్కడే ఉన్నాడు. నన్ను చూసి మొదట జంకాడు. ఆ రోజు చెయ్యి చేసుకోబోవడం నా తప్పని, క్షమించమని అడిగాను. చాలాసేపు మాట్లాడలేదు. తరువాత, "చాచా, మాకు జీతం లేదు. బండికింత అని ఇస్తారు" అన్నాడు. అతడు నన్ను డబ్బు అడగడం ఆ మాటతో సమర్థనీయం కాలేదు. అయితే అతని వెనుక కూడా ఒక ఇల్లు ఉందని నాకు తెలిసింది. ఫిర్యాదులో డబ్బు అడిగిన సంగతిని రాశాను. ఆ పద్ధతిని ప్రశ్నించాను, ఆ అబ్బాయి కడుపు కొట్టమని కోరలేదు.

రెండుసార్లు తిరిగాక ఒక ఉన్నతాధికారి నా మాట విన్నారు. బోర్డు కొమ్మల చాటున ఉన్నా అది ఉన్నదని, నేను చూశానని ముందే చెప్పాను. ఫోటోలోని సమయం క్లాంపు వేసిన తరువాతదని, అంతకుముందు అధికారి ఎవరూ అక్కడ లేరని వివరించాను. "మొదటి తప్పు మీరే ఒప్పుకున్నారు. ఇక రెండోది చూద్దాం" అన్నారాయన. రెండవ అభియోగం తొలగింది. మొదటిది అక్కడికక్కడే చెల్లించి రసీదు తీసుకున్నాను. డబ్బు అడిగిన పద్ధతిపై నా ఫిర్యాదుకు జవాబు ఇంకా రాలేదు. దాన్ని వదిలే ఉద్దేశం లేదు.

హజ్రత్ ఉమర్ (రజి) ఖలీఫాగా ఉండగా హజ్రత్ ఉబయ్ బిన్ కఅబ్ (రజి)తో వివాదం వచ్చి, ఇద్దరూ హజ్రత్ జైద్ బిన్ సాబిత్ (రజి) వద్దకు వెళ్ళారని గ్రంథాల్లో ఉంది. జైద్ ఖలీఫాకు గౌరవాసనం చూపబోతే ఉమర్ దాన్ని తీర్పులోని మొదటి అన్యాయంగా ఎంచి, ప్రత్యర్థి సరసన కూర్చున్నారు. పాలకుడే పౌరుని పక్కన కూర్చున్న ఆదర్శం మనది. కనుక అధికారిని ప్రశ్నించడానికి భయపడనక్కరలేదు. అదే ఆసనం మీద మన తప్పు కూడా మన పక్కనే కూర్చుంటుందని మరువనూ కూడదు.

ఇప్పుడు అత్తగారిని పరీక్షలకు తీసుకెళ్ళేటప్పుడు అరగంట ముందే బయలుదేరుతున్నాం. కారు దూరంగా, చోటున్న దగ్గర నిలిపి ఆటోలో వస్తున్నాం. వీధి చివర బోర్డు రాగానే మా అబ్బాయి నా ముఖం వైపు చూస్తాడు. అల్లాహ్ మన హక్కులను అడిగే ధైర్యాన్నీ, ఇతరుల హక్కులను చెల్లించే నిజాయితీనీ మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.